కాకర పందిరి, తుమ్మి సాళ్ళు

జులై 2

ఈ రోజు నుంచి మళ్ళీ డైరీ రాయాలని నిశ్చయించుకున్నాను. రాత్రి బడిలో పదో తరగతి, ఆ తరువాత దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసిన మనిషి రోజుకు నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాయలేకపోతే ఆ చదువుకు ప్రయోజనం లేదు.

షహజాదీని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాను. గర్భసంచి తీసివేశారు. మూడు నెలల వరకు బిందె మోయకూడదని, వంగకూడదని, ముఖ్యంగా చేతులు తలపైకి ఎత్తి చేసే పని ఏదీ చేయకూడదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. రెండోసారి నా వైపు చూసి చెప్పింది. "అర్థమైంది" అన్నాను. నన్ను చదువు రానివాడిగా భావించినట్టుంది.

చేతులు తలపైకి ఎత్తి చేసే పని మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది ఇంటి వెనుక చేనులో, కాకర పందిరి కింద ఉంది.

జులై 3

ఈ ఏడు పందిరి వద్దు, జొన్న చల్లుదామని షహజాదీ మే నెలలోనే అన్నది. నేను ఒప్పుకోలేదు. ఆ నేల జొన్నకు తగినది కాదని చెప్పాను. అది నిజమే. ఇనుప తీగల పందిరి బోడిగా నిలబడి ఉంటే దారిన పోయేవాళ్ళు ఆజం పని అయిపోయిందనుకుంటారు. అయితే అది ప్రధాన కారణం కాదు.

జులై 7

తుమ్మి మొలిచింది. ఈ నెలలో మనసుకు సంతోషం కలిగించిన విషయం ఇదొక్కటే.

నిరుడు చలికాలంలో చెరువు కట్ట కింద ఎండిన తుమ్మి మొక్కలు దులిపి గింజలు పోగుచేశాను. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే పందిరి తూర్పు సగం కింద, కాకర వరుసల మధ్య సాళ్ళలో చల్లాను. షహజాదీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరంతా గడ్డిమందు కొట్టి తుమ్మిని చంపుతుంటే నేను గింజ తెచ్చి చల్లానని తెలిస్తే నవ్వుతారు. పంట చేతికొచ్చిన తరువాత చెప్పడం వేరు.

నా ఆలోచన శాస్త్రీయమైనది. కాకరలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి అందకపోతే ఆడపువ్వు వెనుక ఉన్న పిందె పసుపుబారి రాలిపోతుంది. ఒకప్పుడు ఆ పని తేనెటీగలు చేసేవి. చుట్టుపక్కల పత్తికి మందు కొట్టడం ఎక్కువైన తరువాత అవి రావడం తగ్గింది. రెండేళ్ళుగా నేనూ షహజాదీ తెల్లవారగానే పందిరి కింద నిలబడి, మగపువ్వు తెంపి ఆడపువ్వులకు తాకిస్తూ వచ్చాం. పడమటి సగం నాది, తూర్పు సగం ఆమెది. అంతలో నాకు శేరిగూడ బస్సు వేళ అయ్యేది. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అటెండర్‌ని.

ఈసారి పడమటి సగం నేను చేస్తాను. తూర్పు సగం తేనెటీగలు చేస్తాయి. తుమ్మి పూసిన చోటికి అవి రాకుండా ఉండలేవు. ఆ తెల్లపువ్వు తెంపి మొదలు చీకితే నాలుకకు తగిలే తీపి చిన్నతనంలో మేమందరం ఎరిగినదే. మనుషులు మరిచిపోయారు. ఈగలు మరిచిపోవు.

జులై 12

వంట, బట్టలు, చేను, కాలేజీ. రాయడానికి ఓపిక లేదు.

జులై 17

పీర్ల పండుగ. పీర్ల ముందు నిప్పులు వేసే అలావా గుండం దగ్గరికి వెళ్ళలేదు. వెళితే అందరూ షహజాదీ గురించి అడుగుతారు, అందరికీ సమాధానం చెప్పాలి.

జులై 23

లక్ష్మమ్మ అక్క వచ్చింది. మా పక్క పత్తి చేను ఆమెది. సొరకాయ ఒకటి తెచ్చి షహజాదీ మంచం పక్కన పెట్టింది.

"ఎట్లున్నవ్ పిల్లా? నడుస్తున్నవా జర?"

"అవ్ అక్క. ఇంట్లనే అటిటు తిరుగుతున్న."

"తిరుగు, తిరుగు. దవాఖానల ఏమన్నరు?"

"ఆసుపత్రిలో మూడు నెలల విశ్రాంతి అన్నారు" అని నేను చెప్పాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నీ మొగడు మాట్లాడితే రేడియో పెట్టినట్టే ఉంటది షహజాదీ." తరువాత నాతో అన్నది, "ఏం తమ్మీ, నీ పందిరి కింద కలుపు ఎంతగనం అయిందో సూసుకున్నవా? మేం ఆరుగురం బదులు తిరుగుతున్నం. ఒక్క పూట వచ్చినమంటే అద్దం లెక్క చేసి పోతం."

బదులు అంటే మనిషికి మనిషి. వాళ్ళు వచ్చి నా చేనులో ఒక రోజు చేస్తే, నా ఇంటి మనిషి వాళ్ళ ఒక్కొక్కరి చేనులో ఒక్కో రోజు చేయాలి. ఇన్నేళ్ళూ ఆ గుంపులో షహజాదీ ఏడవ మనిషి. ఇప్పుడు మా ఇంటి నుంచి ఎవరు వెళతారు? కూతురు నౌరీన్ బాలాపూర్‌లో పచ్చి బాలింత. తీర్చలేని బదులు ఒప్పుకోవడం చేయి చాచడంతో సమానం.

"అవసరం లేదక్కా. తీరిక దొరికినప్పుడు నేనే తీస్తాను."

"నీకు తీరిక దొరికే వరకు గడ్డి పందిరెక్కుతది."

అది గడ్డి కాదని, కావాలని చల్లిన తుమ్మి అని చెప్పడానికి నోరు తెరిచి మళ్ళీ మూశాను. ఆమె వెళ్ళిన తరువాత షహజాదీ అన్నది:

"చెప్పరాదు? నవ్వితే నవ్వుతరు. నవ్వితే నీ పండ్లు ఊడి పడ్తయా?"

ఫలితం రాకముందు ప్రకటించకూడదని చెప్పాను.

ఆగస్టు 4

తుమ్మి పూసింది. ఆకు కనిపించనంత తెలుపు కాదు గాని, ప్రతి కణుపు దగ్గరా తెల్లటి పూలు గుండ్రంగా కూర్చున్నాయి. లేత చివుళ్ళు తెంపుకొచ్చి కూర వండాను. షహజాదీ మంచం మీద నుంచే వంట నడిపించింది.

"పువ్వులు ఏరి పారేస్తున్నవా? అయ్యో, ఉండనియ్యి. పువ్వులతోనే రుచి. శనగపప్పు ఉడికిందా? ఎల్లిపాయ దంచి ఎయ్యి. ఇగ చింతపులుసు."

వేశాను. ఒక ముద్ద తిని ఆమె కళ్ళు మూసుకున్నది.

"చేదు పోలే, నౌరీన్ అబ్బా. పులుసు జర ఎక్కువ పోయాలె. నీ డిగ్రీల గిది చెప్పలేదా?"

అయినా గిన్నె ఖాళీ అయింది.

ఆగస్టు 8

కాకరకు ఆడపువ్వులు మొదలయ్యాయి. పడమటి సగం ఒక్కణ్ణే పూర్తిచేశాను. మెడ వెనుక నరం పట్టేసింది. బస్సులో తల తిప్పలేక, పక్కన కూర్చున్న మనిషి అడిగినదానికి ముందుకు చూస్తూనే సమాధానం చెప్పాను. అతను దాన్ని గర్వమనుకున్నాడు.

ఆగస్టు 11, ఆదివారం

సెలవు కాబట్టి ఈ రోజు తూర్పు సగం కూడా నేనే చేయవచ్చు. చేయలేదు. ప్రయోగంలో చేయి పెడితే అది ప్రయోగం కాదు.

పొద్దున్నే షహజాదీ, "ఎన్నిరోజులాయె కూర తిని, బస్టాండు దిక్కు పోయి జర మటన్ పట్కరా" అన్నది. ఇంత పొద్దున ఎందుకంటే, ఆలస్యమైతే మంచి ముక్క దొరకదన్నది. దుకాణంలో రద్దీ ఎక్కువ. తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఆమె ఎందుకో చెమటతో తడిసి ఉంది. ఇంట్లో ఉక్కగా ఉన్నదని చెప్పింది.

తరువాత తుమ్మి సాళ్ళలో కూర్చున్నాను. చిన్న తేనెటీగలు వచ్చాయి. ఒక్కో పువ్వులో తల దూర్చి, వెనక్కి వచ్చి, పక్క పువ్వుకు మారుతున్నాయి. వాటి వీపు మీద తెల్లటి పొడి అంటింది. అందులో ఒకటి పైకి లేచి కాకర పువ్వు మీద వాలడం నా కళ్ళతో చూశాను.

ఆగస్టు 17

తూర్పు సగంలో పిందెలు నిలిచాయి. నేను చేసిన పడమటి సగం కంటే ఎక్కువ నిలిచాయి. ల్యాబ్ ఇన్‌చార్జి సారుకు తుమ్మి సంగతి, తేనెటీగల సంగతి క్రమంగా వివరించాను. ఆయన ఫోను మీద నుంచి తల ఎత్తకుండా "గుడ్, ఆజం" అన్నారు. అయినా విన్నారు.

ఇంటికి వచ్చి షహజాదీకి చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"మంచిదే కద" అన్నది. కొంచెం ఆగి, "నీ కన్న తేనెటీగల చెయ్యే మంచిగున్నట్టుంది" అన్నది.

ఆగస్టు 20

రొట్టె చేదుగా ఉంది. పది రోజులుగా షహజాదీ కూర్చుని రొట్టెలు చేస్తోంది. ఆ మాత్రం పని పరవాలేదని నేనే ఒప్పుకున్నాను. చేదు రొట్టెది కాదు, నా చేతులది. కాకర తీగ పసరు గోళ్ళ సందుల్లో నల్లగా పట్టింది, సబ్బుతో రుద్దినా పోదు. తిన్నది నా చేతితోనే కదా.

ఆగస్టు 24

షహజాదీ తొందరగా నిద్రపోతోంది. మందుల ప్రభావం.

తూర్పు సగంలో కాయ బాగా దిగుతోంది.

ఆగస్టు 27

కాలేజీ నుంచి వచ్చేసరికి షహజాదీ మంచం మీద ముడుచుకుని ఉంది. కుర్తా ముందు భాగం తడిసింది. నీళ్ళనుకున్నాను. గాయం విచ్చి రసి, రక్తం కారుతున్నాయి. ఆటో పిలిచాను. బాలాపూర్ దాటే వరకు ఆమె నా చేయి వదలలేదు.

ఆగస్టు 28

వార్డులో ఉన్నాం. లోపలి కుట్టు వదిలిందని, చీము పట్టిందని డాక్టరమ్మ చెప్పింది.

"ఏం పని చేయించారు ఈమెతో?"

నేను నిటారుగా నిలబడి చెప్పాను. "ఏ పనీ చేయించలేదు మేడమ్. వంట నేనే చేస్తాను, బట్టలు నేనే ఉతుకుతాను, చేను పని నేనే చేస్తాను. మీరు ఇచ్చిన సూచనలను అక్షరాలా పాటించాను."

డాక్టరమ్మ షహజాదీ అరచేయి పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"మరి ఇదేంటి?"

వేళ్ళ కొసలు, గోళ్ళ సందులు నల్లటి ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. నేను నా చేతులు చూసుకున్నాను. అదే రంగు. చేతులు జేబులో పెట్టుకున్నాను.

తూర్పు సగానికి తేనెటీగలు రాలేదని చెప్పడానికి వీల్లేదు. వచ్చాయి. నేను చూశాను.

ఆగస్టు 30

ఈ రోజు జ్వరం తగ్గింది. అడిగాను.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు బస్సెక్కినంక."

"ఏ రోజు నుంచి అని అడుగుతున్నాను."

"తొలి పువ్వు నుంచి. తిట్టకు. పిందెలు పండుబారి రాలుతుంటే మంచంల పండుకొని సూడుమంటవా? నువ్వేమో తుమ్మి, తుమ్మి అనుకుంట గంత సంబురంగ తిరుగుతుంటివి. రాలితే నీ మొఖం ఎట్లుంటదో నాకెరుక."

పక్క మంచం ముసలమ్మ మా ఇద్దరి కోసమే దగ్గినట్టు దగ్గింది.

"అసలు తేనెటీగలు రానే రాలేదా?"

"వచ్చినయ్ లే. ఒక్కదాన్ని ఉంటి కద, నాకు జోడు అవే." నవ్వబోయి కడుపు పట్టుకున్నది. "కని అంత పందిరికి సరిపోయేటన్ని లెవ్వు."

"ఇంటికి వెళ్ళిన తరువాత మళ్ళీ పందిరి కిందికి పోనని చెప్పు."

ఆమె దుప్పటి సర్దుకున్నది.

"చెప్పు."

"నువ్వు ఒక్కనివి చెయ్యలేవు. రాలనియ్యవు. ఇగ ఎవరు పోతరు?"

సెప్టెంబర్ 1

వాన. వార్డు కిటికీ అద్దం పగిలిన చోట అట్ట పెట్టారు, అది తడిసి ఊడి పడింది. షహజాదీ మంచాన్ని నేనే లోపలికి జరిపాను.

కాలేజీకి ఫోను చేశాను. మిగిలిన సెలవులన్నీ అయిపోయాయని, తొమ్మిదో తేదీన తప్పక రావాలని ఆఫీసులో చెప్పారు.

సెప్టెంబర్ 4

రేపు ఇంటికి పంపుతారు. ఈసారి కుట్టు వదిలితే మళ్ళీ కోయాల్సి వస్తుందని, ఆ కోత ఈ ఒంటికి మంచిది కాదని డాక్టరమ్మ నాకు ఒక్కడికే చెప్పింది.

ఆలోచించాను. ఈ వానకు తుమ్మి నిండు పూత మీద ఉంటుంది. ఆగస్టులో ఉన్నదానికి రెట్టింపు పూత. పూత రెట్టింపైతే తేనెటీగలూ రెట్టింపవుతాయి. అప్పుడు తూర్పు సగానికి మనిషి అవసరమే ఉండదు. తుమ్మిని చూపిస్తే షహజాదీ కూడా ఒప్పుకుంటుంది.

సెప్టెంబర్ 5

ఇంటికి వచ్చాం. చేనుకు వెళ్ళాను.

తూర్పు సగంలో గడ్డిపోచ లేదు. తుమ్మి లేదు.

సెప్టెంబర్ 6

నిన్న రాయలేకపోయాను.

నేల ఊడ్చిన వాకిలిలా ఉంది. ఒక్కో మొక్కను వేరుతో సహా పీకి, మన్ను దులిపి, గట్టు మీద కుప్పలు పోశారు. కుప్పల్లో పూలు గోధుమరంగుకు తిరిగాయి. రెండు మూడు తేనెటీగలు ఆ వాడిన కుప్ప మీదే తిరుగుతున్నాయి. నేను లేని రోజుల్లో కాయలు పండి పగిలి, ఎర్రటి గింజలు బయటపడ్డాయి. వాటిని కూడా కోసి ఒక పక్కన పోసి ఉంచారు. పని శుభ్రంగా చేశారు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

లక్ష్మమ్మ అక్క ఇంటికి వెళ్ళాను. దారిలో వాక్యం కూర్చుకున్నాను: "నా అనుమతి లేకుండా నా చేనులో అడుగుపెట్టడం ఏ విధంగా న్యాయమో మీరే చెప్పాలి." ఆమె వాకిట్లో కూర్చుని తుమ్మి కట్టలు విప్పి ఆకు దూస్తోంది. రేపు వినాయక చవితి. ఆ రోజు తుమ్మికూర వండని ఇల్లు ఇక్కడ లేదు.

"వచ్చినవా తమ్మీ! షహజాదీ ఎట్లున్నది? సూసినవా నీ చేను? మొన్న ఆరుగురం పోయినం. నీ పెండ్లాం దవాఖానల పడుంటే మేం ఊకుంటమా? వాన పడి నేల మెత్తగుండె, పీకుతుంటే వేర్లతోని వచ్చినయ్. గంత తుమ్మి ఏడ సూడలే అమ్మా! సందు లేకుంట మొలిచింది. పండుగకని తలా ఇంత తెచ్చుకున్నం. ఏమనుకోకు."

దవాఖాన కాదు, ఆసుపత్రి అని కూడా అనలేకపోయాను.

"బదులు తీరుస్తాను" అన్నాను.

"ఎవర్ని పంపుతవ్? నౌరీన్‌ని పిలుస్తవా పసిపిల్లతోని?"

"ఎల్లుండి ఆదివారం. నేనే వస్తాను."

ఆమె ఆకు దూయడం ఆపింది. "కలుపుకా? నువ్వా?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

నేను జులైలో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తుమ్మి ఈ రోజు చేనులోనే ఉండేది. ఈ వాక్యం రాయకూడదనుకున్నాను. రాశాను కాబట్టి ఉండనిస్తాను.

సెప్టెంబర్ 7

లక్ష్మమ్మ అక్క కోడలు హర్షిత పళ్ళెం తెచ్చింది. కుడుములు, పప్పు, తుమ్మికూర. "మీ చేన్లదే అంకుల్" అని చెప్పి వెళ్ళింది. షహజాదీ రెండుసార్లు వేసుకుని తిన్నది. చేదు సరిగ్గా విరిగిందని మెచ్చుకున్నది. నేనూ తిన్నాను. నిజంగా బాగుంది.

సాయంత్రం తూర్పు సగం చూశాను. పిందెలు పసుపుబారాయి.

షహజాదీ తలుపు దాకా వచ్చి పందిరి వైపు చూస్తూ నిలబడింది. "పండుకో" అన్నాను. "సూస్తున్న అంతే" అన్నది. ఆ చూపు నాకు తెలుసు. ఎల్లుండి నేను బస్సెక్కుతాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

వేళ్ళు ముడవడం కష్టంగా ఉంది. అయినా ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

తలకు తువ్వాలు చుట్టుకుని, కొడవలి పట్టుకుని లక్ష్మమ్మ అక్క పత్తి చేనుకు వెళ్ళాను. ఆరుగురు ఆడవాళ్ళు అప్పటికే సాళ్ళు పట్టారు. వాళ్ళలో సక్కుబాయికి నోరెక్కువ. పొలిమేరకు అవతలి తండా మనిషి.

"అగో, ఆజం భాయ్! నిజంగనే వచ్చిండు. కొడవలి ఎటు దిక్కు పట్టాలెనో ఎరుకేనా భాయ్?"

"మొగోనివి కలుపుకు వస్తివి, ఊరోళ్ళు సూస్తే ఏమనుకుంటరు?" అని ఇంకొకామె.

"మనిషికి మనిషి అన్నారు. ఆడమనిషి అని నియమం లేదు" అన్నాను.

"అబ్బో, వకీలు లెక్క మాట్లాడుతుండు!"

"వకీలైతే కోర్టుల ఉంటుండె, గీ సాలుల ఎందుకుంటడు?"

ఆరుగురూ నవ్వారు. పక్క చేనులో ఎడ్లు కట్టుకుంటున్న మనిషి కూడా తల తిప్పి చూశాడు. నేను వంగి సాలు పట్టాను. వంగిన మనిషి ముఖం ఎవరికీ కనిపించదు, ఆ సౌకర్యం ఉంది.

పత్తి మొదళ్ళలో గరిక, గునుగు, తుమ్మి. పూత మీద ఉన్న తుమ్మి. బదులుకు వచ్చిన మనిషి చేనుగలవాళ్ళ పని చేయాలి గాని తన ఇష్టం చేయకూడదు. పీకాను. పొద్దంతా తుమ్మి పీకాను. ఒకసారి నా పిడికిట్లో ఉన్న మొక్క మీదికే తేనెటీగ వచ్చి వాలింది. అది తాగి లేచే వరకు ఆగాను.

"సాలు ఇడువకు తమ్మీ, ఎనుకబడ్డవ్!" అని లక్ష్మమ్మ అక్క కేక వేసింది.

మధ్యాహ్నం గట్టు మీద సద్దులు విప్పారు. నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను. సక్కుబాయి తన రొట్టె మీద కారం వేసి నా ముందు పెట్టింది. అప్పుడు చెప్పదలచుకున్నాను.

"మీ అందరికీ ఒక విజ్ఞప్తి. కాకరలో పరాగ సంపర్కం..."

"గదేం సంపర్కం భాయ్? ఆడోళ్ళ నడుమ కూసున్నవ్, జర మర్యాదగ మాట్లాడు!"

నవ్వులు ఆగే వరకు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. మగపువ్వు, ఆడపువ్వు, పుప్పొడి.

"అంటే పువ్వులకు లగ్గం చేసుడు" అని సక్కుబాయి తేల్చింది. "అయితే మనం పీకిన తుమ్మి?"

"అది నేను చల్లినది. తేనెటీగల కోసం."

నవ్వు సగంలో తెగింది. లక్ష్మమ్మ అక్క చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"నువ్వు చల్లినవా? మరి జులైల నేను కలుపు అంటే అవ్ అన్నట్టు నిలబడితివి కద తమ్మీ! చెప్తే ఒక్క మొక్క ముట్టకపోదుము. నోట్ల నాలుక లేదా నీకు?"

"లేదు" అన్నాను.

తరువాత షహజాదీ సంగతి చెప్పాను. నేను బస్సెక్కిన తరువాత ఆమె చేతులెత్తి చేసిన పని, వదిలిన కుట్టు, డాక్టరమ్మ నాకు ఒక్కడికే చెప్పిన మాట. రేపు నేను కాలేజీకి వెళితే ఆమె మళ్ళీ పందిరి కిందికి వెళుతుందని చెప్పాను. ఇక్కడి వరకు వాక్యాలు ముందే కూర్చుకుని వచ్చాను. ఆ తరువాత వచ్చిన వాక్యం కూర్చుకున్నది కాదు.

"నాతోని అయితలేదు. మీరు రండి."

అట్లాగే అన్నాను. రాతలో కూడా దాన్ని మార్చను.

సక్కుబాయి నీళ్ళ సీసా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. లక్ష్మమ్మ అక్క ముద్ద మింగి, చేయి కడుక్కుని లేచింది.

"ఇద్దరిద్దరం వస్తం. మా చేన్లకు పోయే ముందుగాల వస్తం. ఇగ లెయ్యుండ్రి, పొద్దు గుంకుతది. నువ్వు గూడ లెయ్యి. బదులు అయిపోలే."

సెప్టెంబర్ 9

వెలుగు రాకముందే లక్ష్మమ్మ అక్క, సక్కుబాయి వచ్చారు. మగపువ్వు తెంపి, రేకులు మడిచి, ఆడపువ్వుకు ఎట్లా తాకించాలో చూపించాను. రెండోసారి చూపించబోతే, "సూసినం, సూసినం, పో" అన్నారు.

"ఓ పిల్లా, నీకు మొగడొచ్చిండు, సిగ్గుపడకు" అంటూ సక్కుబాయి తూర్పు సగంలోకి దిగింది. ప్రతి పువ్వుతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది.

షహజాదీ తలుపు దాటి వచ్చింది. లక్ష్మమ్మ అక్క పందిరి కింద నుంచే అరిచింది. "ఆడనే ఆగు! చెయ్యి లేచిందా, ఇరగ్గొడ్త." షహజాదీ గడపలో కూర్చున్నది. నేను బస్సుకు బయలుదేరేటప్పుడు అక్కడే కూర్చుని, ఏ వరుస మిగిలిందో, ఏ తీగ కింద పువ్వు దాగిందో కేకవేసి చెబుతోంది.

బస్సులో నిద్రపోయాను. శేరిగూడ దాటిన తరువాత కండక్టర్ లేపాడు.

సెప్టెంబర్ 13

రోజుకు ఇద్దరు వస్తున్నారు. పిందెలు నిలుస్తున్నాయి. సక్కుబాయి చేసిన వరుసల్లో ఎక్కువ నిలుస్తున్నాయని షహజాదీ అంటోంది. శాస్త్రీయంగా దానికి ఆధారం లేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

రెండో బదులు. ఆరుగురిలో హర్షిత తల్లి కూడా ఒకామె, ఆమె చేను. ఈసారి అంత వెనుకబడలేదు.

సెప్టెంబర్ 20

ఆసుపత్రికి వెళ్ళి వచ్చాం. గాయం ఆరింది. చీము లేదు. డాక్టరమ్మ షహజాదీ చేతులు చూసి, తరువాత నావి చూసింది. మందుల చీటీ రాసి ఇచ్చింది.

ఇంటికి వచ్చి షహజాదీ పగటిపూట పడుకున్నది. నేను చెప్పకుండానే పడుకున్నది.

సెప్టెంబర్ 22, ఆదివారం

నడుము లేవడం లేదు. అయినా సక్కుబాయి చేనుకు వెళ్ళాలి. తండా దూరం కాబట్టి, పొద్దున్నే పందిరి పనికి వచ్చిన సక్కుబాయితో కలిసి అందరం రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాం. తలకు తువ్వాలు, చేతిలో కొడవలి, సద్ది మూట. మా కాలేజీ పిల్లలను విహారయాత్రకు తీసుకెళుతున్న బస్సు పక్క నుంచి వెళ్ళింది. నన్ను గుర్తుపట్టిన పిల్లవాడొకడు కిటికీలో నుంచి చేయి ఊపాడు. నేనూ ఊపాను.

ఆటో ఆగింది. "ఎంతమంది?" అని డ్రైవర్ అడిగాడు.

లక్ష్మమ్మ అక్క వేలు ఎత్తి ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టింది. చివరి వేలు నా దగ్గర ఆగింది.

"ఏడుగురం ఆడోళ్ళం" అన్నది.

డ్రైవర్ అద్దంలో నుంచి నన్ను చూశాడు. నేను సరిదిద్దలేదు. జరిగి కూర్చుని సక్కుబాయికి చోటిచ్చాను.